లీజు చేతులు మారినప్పుడు పాత బిల్లులు ఎవరు కట్టాలి?

మీరు చెప్పినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరబాటుగా అర్థం చేసుకుని ఉంటే తక్కిన సమాధానమంతా దారి తప్పుతుంది. ఒక అద్దెదారు ఏడాది లీజు మధ్యలో ఖాళీ చేసి వెళ్తూ, మిగిలిన ఏడు నెలల గడువును మీ పేరిట బదిలీ చేశారు. ఇంటి యజమాని ఒప్పుకుని, రెండు పేజీల బదిలీ పత్రం మీద సంతకం చేశారు. మీరు దిగిన మూడో వారంలో విద్యుత్తు సంస్థ నుంచి నాలుగు నెలల బకాయికి నోటీసు వచ్చింది. ఆ వెంటనే యజమాని కార్యాలయం కూడా ఐదు నెలల నీటి ఛార్జీలు రావాలని లెక్క పంపింది. పాత అద్దెదారు ఫోన్ ఎత్తడం లేదు. "లీజు తీసుకున్నారంటే దాని మంచిచెడ్డలన్నీ తీసుకున్నట్టే" అని యజమాని అంటున్నారు. ఇందులో మీరు నిజంగా ఎంత కట్టాలన్నది మీ ప్రశ్న.

అద్దె ఒప్పందాలు రాయించడం, ఇళ్లు అప్పగించడం, అప్పగించుకోవడం చాలా ఏళ్లుగా నా పని. మీరు చెప్పిన వివరాలను బట్టి నా అభిప్రాయం ఇది: విద్యుత్తు బకాయి దాదాపుగా మీది కాదు. నీటి బకాయి మాత్రం మీరు సంతకం చేసిన ఆ రెండు పేజీల్లో ఏం రాసి ఉందన్న దాన్ని బట్టి మీది కావచ్చు, కాకపోవచ్చు. రెండూ ఒకే వారంలో వచ్చాయి కాబట్టి ఒకే జాతివని అనిపిస్తుంది గానీ, వాటి పుట్టుక వేరు. ఒకటి పాత అద్దెదారుకూ విద్యుత్తు సంస్థకూ మధ్య కుదిరిన ఒప్పందంలో పుట్టింది. ఆ ఒప్పందంలో మీరూ లేరు, యజమానీ లేరు. రెండోది పాత అద్దెదారుకూ యజమానికీ మధ్య ఉన్న లీజులో పుట్టింది. ఇప్పుడు ఆ లీజులో మీరు ఉన్నారు. ఎవరైనా ఏ బకాయి చూపించినా మొదట అడగాల్సింది, అది ఎవరికీ ఎవరికీ మధ్య ఏర్పడిన బాకీ అని. మొత్తం ఎంత, ఎన్ని నెలలది అన్నవి ఆ తర్వాతి సంగతులు.

లీజు వైపు నుంచి మొదలుపెడతాను, చిక్కు ఎక్కువగా ఉన్నది అక్కడే కనుక. "లీజు తీసుకున్నాను" అని జనం వాడుకలో అనే మాట కింద మూడు వేర్వేరు ఏర్పాట్లు దాగి ఉంటాయి. పాత లీజును రద్దు చేసి యజమాని మీతో కొత్త లీజు రాసుకోవడం మొదటిది. ఇందులో పాతవారి బాకీతో మీకు ఏ లంకె ఉండదు. కొత్త పత్రం మీద ఉన్న తేదీయే మీ లెక్కకు ఆరంభం. పాత అద్దెదారు లీజును తన పేరనే ఉంచుకుని మీకు ఉప అద్దెకు ఇవ్వడం రెండోది. అప్పుడు యజమానికి బాధ్యుడు ఇంకా ఆయనే. మీరు ఆయనకు మాత్రమే బాధ్యులు, యజమాని నేరుగా మీ దగ్గరకు వచ్చి పాత నీటి బాకీ అడగడానికి సాధారణంగా ఆధారం ఉండదు. మూడోది మీ విషయంలో జరిగింది: లీజు పాతదే, అందులో అద్దెదారు స్థానంలోకి మీరు వచ్చారు. పాత షరతులు, పాత గడువు, పాత అద్దె, అన్నీ అలాగే కొనసాగుతాయి. యజమాని చెప్పే "మంచిచెడ్డలన్నీ" అన్న మాటకు ఉన్న బలమంతా ఈ మూడో ఏర్పాటులోంచే వస్తుంది. ఆ బలం ఆయన అనుకున్నంత మాత్రం కాదు.

ఎందుకంటే, లీజు బదిలీలో షరతులు మీకు సంక్రమిస్తాయి గానీ, ఆ షరతులను పాత మనిషి తన కాలంలో ఉల్లంఘించడం వల్ల పేరుకున్న బాకీ దానంతట అదే సంక్రమించదు. నెలనెలా నీటి ఛార్జీ కట్టాలన్న షరతు మీకు వర్తిస్తుంది, మీరు దిగిన నెల నుంచి. అంతకుముందు ఐదు నెలలు ఆయన కట్టకపోవడం ఆయన చేసిన ఉల్లంఘన. ఇంగ్లండులో ఈ సంగతిని 1995 నాటి చట్టం సూటిగానే చెప్పింది. 1996 జనవరి 1 నుంచి కుదిరిన లీజులకు వర్తించే ఆ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, బదిలీ ద్వారా షరతుకు కట్టుబడిన వ్యక్తికి బదిలీకి ముందు కాలానికి సంబంధించి ఆ చట్టం వల్ల ఏ బాధ్యతా ఉండదు, ఏ హక్కూ ఉండదు. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇదే విషయాన్ని రెండో వైపు నుంచి పట్టుకుంది. వేరే ఒప్పందం లేనప్పుడు, అద్దెదారు తన హక్కును మరొకరికి బదిలీ చేసినంత మాత్రాన లీజు బాధ్యతల నుంచి బయటపడడని 108వ సెక్షన్ చెబుతుంది. అంటే యజమాని అడగాల్సిన మనిషి పారిపోయినా, చట్టం దృష్టిలో ఆయన ఇంకా బాధ్యుడే. యజమానులు చాలామంది ఈ సంగతి మరచిపోతారు. లేదా, దొరకని మనిషి కంటే దొరికిన మనిషి నయమని అనుకుంటారు.

అయితే ఈ రక్షణ అంతటినీ ఒక్క వాక్యం కొట్టేస్తుంది, ఆ వాక్యం మీరే సంతకం చేసి ఇచ్చి ఉండవచ్చు. మీ బదిలీ పత్రం తీసి, "స్వీకరిస్తున్నారు" అన్న క్రియ ఎక్కడ ఉందో వెతకండి. "ఫలానా తేదీ నుంచి ఏర్పడే బాధ్యతలను కొత్త అద్దెదారు స్వీకరిస్తున్నారు" అని ఉంటే మీకు భయం లేదు. "లీజు కింద ఇప్పటివరకు ఏర్పడినవీ ఇకపై ఏర్పడేవీ అయిన బాధ్యతలన్నింటినీ" అని ఉంటే, నీటి బకాయి మీదేనని యజమాని అనడంలో పస ఉంది. ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంటుంది: "లీజు కింద ఉన్న అన్ని బాధ్యతలను స్వీకరిస్తున్నారు" అని, తేదీ ఏదీ లేకుండా. నాకు కనిపించిన గొడవల్లో ఎక్కువ భాగం ఈ మూడో రకం వాక్యం చుట్టూ తిరిగినవే. దాన్ని ముందుకాలానికి మాత్రమే చదవాలా, వెనక్కి కూడా చదవాలా అన్నది పత్రంలోని మిగతా మాటలను బట్టి తేలుతుంది. పత్రంలో బదిలీ అమల్లోకి వచ్చే తేదీ విడిగా రాసి ఉంటే, ఆ తేదీకి ఏదో ఒక అర్థం ఉండాలి కదా, అది బాధ్యతకు కూడా హద్దేనని మీరు గట్టిగా వాదించవచ్చు. పత్రాన్ని తయారు చేసినది యజమాని వైపు వారే అయితే, సందేహం ఉన్న మాటను రాసినవారికి వ్యతిరేకంగా చదవడమనే పద్ధతి చాలాచోట్ల న్యాయస్థానాల్లో ఉంది. అదీ మీకు కలిసి వస్తుంది.

నీటి బకాయిలో ఇంకొక మెలిక ఉంది. కొన్ని లీజుల్లో నీరు, చెత్త తరలింపు, ఉమ్మడి వెలుతురు వంటి ఖర్చులను "అదనపు అద్దె" అని పేరు పెట్టి రాస్తారు. పేరులో ఏముందిలే అనిపిస్తుంది గానీ, ఉంది. అది మామూలు ఛార్జీ అయితే యజమాని దాని కోసం మామూలు బాకీలాగే దావా వేసుకోవాలి. అది అద్దె అయితే, అద్దె కట్టనందుకు లీజును ముగించే హక్కు తనకు ఉందని యజమాని చెప్పగలరు. అద్దె బాకీ వల్ల లీజునే ముగించే ఆ హక్కు, అప్పుడు అద్దెదారు స్థానంలో ఎవరున్నా, లీజుకు అంటుకునే ఉంటుంది. కాబట్టి మీరు స్వయంగా బాకీపడకపోయినా, మీరు కూర్చున్న కొమ్మకు ముప్పు ఉండవచ్చు. అంతమాత్రాన మిమ్మల్ని రేపే ఖాళీ చేయించగలరని కాదు. యజమాని బకాయి ఉందని తెలిసి కూడా బదిలీకి ఒప్పుకుని, మీ దగ్గర మొదటి నెల అద్దె తీసుకుని రశీదు ఇచ్చి ఉంటే, పాత ఉల్లంఘనను చూపి లీజు ముగించే హక్కును ఆయన వదులుకున్నారన్న వాదన చాలాచోట్ల నిలుస్తుంది. అందుకే ఆ మొదటి నెల అద్దె రశీదు, బదిలీకి ఒప్పుకుంటూ ఆయన పంపిన లేఖ, రెండూ జాగ్రత్తగా దాచుకోండి. బదిలీకి ముందు "ఈ ఇంటి మీద ఇంకేమైనా బాకీలు ఉన్నాయా" అని మీరు ఎక్కడైనా రాతలో అడిగి ఉండి, ఆయన లేవని జవాబిచ్చి ఉంటే మీ స్థానం మరింత గట్టిది.

ఇక విద్యుత్తు. సరఫరా సంస్థకు బాకీపడేది ఒప్పందం చేసుకున్న మనిషి. గోడకు ఉన్న మీటరు కాదు. ఇంగ్లండు వంటి చోట్ల, ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా, ఇంట్లో దిగి స్విచ్చి వేసిన రోజు నుంచి సంస్థతో ఒప్పందం కుదిరినట్టే చట్టం భావిస్తుంది. ఈ ఏర్పాటు మీకు భారమూ అవుతుంది, రక్షణా అవుతుంది. దిగిన రోజు నుంచి వాడినది మీరు కట్టాలి. అదే వాక్యానికి రెండో అర్థం, దిగని రోజులది మీరు కట్టనక్కరలేదని. కాబట్టి సంస్థతో మీ వాదన అంతా ఒక తేదీ చుట్టూ, ఒక మీటరు రీడింగు చుట్టూ ఉంటుంది. అవి రెండూ నిరూపించగలిగితే చాలు.

కానీ బాకీ లేకపోవడం వేరు, ఇబ్బంది లేకపోవడం వేరు. "ఈ చిరునామా మీద పాత బకాయి ఉంది, అది తీరేదాకా కొత్త పేరు మీద కనెక్షన్ ఇవ్వం" అని సంస్థలు అనడం చాలా దేశాల్లో ఉన్నదే. అలా అనవచ్చా అన్న దానిపై న్యాయస్థానాలు కూడా ఒక్క మాట మీద లేవు. అమెరికాలో 1995లో సియాటిల్ నగరంపైనా, 2005లో కొలంబస్ నగరంపైనా వచ్చిన కేసుల్లో, మునుపటి నీటి బాకీకి సంబంధం లేని అద్దెదారుకు ఆ బాకీ కారణంగా నీళ్లు ఇవ్వకపోవడం, చట్టం అందరికీ సమాన రక్షణ ఇవ్వాలన్న రాజ్యాంగ సూత్రానికి విరుద్ధమని ఫెడరల్ అప్పీలు కోర్టులు తేల్చాయి. అదే దేశంలో 1988లో ఫిలడెల్ఫియా కేసులో మరో అప్పీలు కోర్టు నగర విధానాన్ని సమర్థించింది. అక్కడ నీటి బాకీ ఆస్తి మీదే భారంగా ఉంటుందన్నది వాదనకు కీలకం. ఈ తేడాయే మీకు దారి చూపుతుంది. బాకీ మనిషి మీద ఉండే చోట దాన్ని మీకు చుట్టడం కష్టం. ఆస్తి మీద భారంగా ఉండే చోట అది చివరికి యజమాని సమస్య అవుతుంది గనుక, యజమానే దాన్ని తీర్చి పాత అద్దెదారు వెంట పడాలి. రెండు చోట్లా మీరు మధ్యలో నలిగిపోవచ్చు గానీ, బాధ్యులు మాత్రం కారు.

భారతదేశంలో విద్యుత్తు మీద స్పష్టత చాలాకాలం సాగదీసి వచ్చింది. ఇషా మార్బుల్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, చట్టంలో ఆధారం లేకుండా పాత వినియోగదారు బాకీని ఆస్తి కొన్నవారి మీద వేయలేరని చెప్పింది. కేరళ రాష్ట్ర విద్యుత్తు బోర్డుపై వచ్చిన కె.సి. నైనాన్ కేసులో 2023 మే 19న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇంకొంచెం ముందుకు వెళ్లింది. విద్యుత్తు బకాయి దానంతట అదే ఆస్తి మీద భారం కాదని ఒప్పుకుంటూనే, చట్టబద్ధంగా చేసిన సరఫరా నిబంధనల్లో ఉంటే, ఆ ప్రాంగణం మీద ఉన్న పాత బకాయి తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామని సంస్థ షరతు పెట్టవచ్చని అది తేల్చింది. ఆ వ్యాజ్యాలు ప్రధానంగా వేలంలో ఆస్తి కొన్నవారివి. అద్దెదారు మాట నేరుగా రాలేదు. అయినా మీరు అక్కడ ఉంటే, ఆ రాష్ట్ర విద్యుత్తు నియంత్రణ సంఘం చేసిన సరఫరా నియమావళిలో "ప్రాంగణం మీది బకాయి" గురించి ఏముందో చదివాకే సంస్థ కార్యాలయానికి వెళ్లండి. ఒట్టి చేతులతో వెళ్తే గుమాస్తా నోటి మాటే చట్టమవుతుంది.

భారతదేశపు 2003 నాటి విద్యుత్తు చట్టంలో 56వ సెక్షన్ అందరికీ తెలిసి ఉండాలి. బకాయికి సరఫరా ఆపాలంటే కనీసం 15 పూర్తి రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. బకాయి గురించి వివాదం ఉంటే, అడిగిన మొత్తం గానీ, గడచిన ఆరు నెలల సగటు ఛార్జీని బట్టి వేసిన లెక్క గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది, "నిరసనతో" జమ చేస్తే వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. రెండేళ్లు దాటిన బాకీని, అది వరసగా బిల్లుల్లో చూపిస్తూ వస్తేనే తప్ప, ఆ సెక్షన్ కింద వసూలు చేయకూడదు. అయితే దావా వంటి వేరే దారులకు ఈ గడువు అడ్డు కాదని సుప్రీంకోర్టు అంది. ఇంగ్లండులోనైతే 1999 నుంచి నివాస గృహాలకు నీటి బాకీ కారణంగా నీటి సరఫరా ఆపడమే నిషేధం. మీరున్న చోట నియమం ఏదైనా, సరఫరా ఆపే ముందు నోటీసు ఎన్ని రోజులు, వివాదం చెప్పుకునే చోటు ఏది, ఈ రెండూ ఇవాళే తెలుసుకోండి. మీకున్న సమయం ఎంతో చెప్పేవి అవే.

మీరు రాసిన దానిలో ఒక మాట నాకు కొంచెం అనుమానం కలిగించింది: బదిలీకి ముందు "కొన్నాళ్లు" మీరు అదే ఇంట్లో ఉన్నానన్నారు. అది వారమా, మూడు నెలలా? ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. ఒకే ఇంట్లో కలిసి ఉండి, కరెంటు వాడుకున్న మరో వయోజన వ్యక్తి మీద కూడా బాకీ వేసే వీలు కొన్నిచోట్ల సంస్థలకు ఉంది. అదీగాక, పాత లీజులో మీ పేరు కూడా సహ అద్దెదారుగా ఉండి ఉంటే నేను పైన చెప్పినదంతా మారిపోతుంది. కలిసి సంతకం చేసినవారు సాధారణంగా మొత్తం బాకీకి విడివిడిగానూ బాధ్యులే; యజమాని ఎవరి దగ్గరైనా మొత్తం అడగవచ్చు, తర్వాత మీరూ మీరూ తేల్చుకోవాలి. ఒక వారం అతిథిగా ఉండటం దీనికింద రాదు. మూడు నెలలు ఉంటే, ఆ మూడు నెలల వాడకంలో మీ వంతు గురించి మొండిగా వాదించకపోవడమే మంచిది. మిగతాదాని మీద మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఇంకో సంగతి: నోటీసు మీద ఉన్న మీటరు నంబరు, మీ ఇంటి మీటరు మీద ఉన్న నంబరు ఒకటేనా? నవ్వుకోకండి. ఒకసారి నేను చూస్తున్న భవనంలో కొత్తగా లీజు తీసుకున్నవారు రెండు నెలలు పోట్లాడిన బకాయి, ఆఖరికి పక్క ఇంటి మీటరుదని తేలింది. మీటర్ల పెట్టె మీద ఎవరో రాసిన ఇంటి నంబర్లు తారుమారయ్యాయి. పక్క ఇంటివారి వాడకాన్ని పాత అద్దెదారే ఏళ్ల తరబడి కడుతూ వచ్చి, విసిగి మానేశారు. అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో తేలిన మెంఫిస్ నగర సరఫరా సంస్థ కేసు కూడా ఇలాంటిదే. ఒకప్పుడు రెండు కుటుంబాలు వేర్వేరుగా ఉన్న ఇంట్లో రెండు జతల మీటర్లు మిగిలిపోయాయి. కొత్తగా దిగినవారికి రెండు బిల్లులు వచ్చాయి, సరఫరా పలుమార్లు ఆగింది. బిల్లు మీద అభ్యంతరం చెప్పుకునే దారి ఏదో తెలియజేయకుండా సరఫరా ఆపడం సరైన ప్రక్రియ కాదని కోర్టు అంది. మీ ఇంట్లో మెయిన్ స్విచ్చి ఆపి, మీటరు తిరగడం ఆగిందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని.

ఇప్పుడు చేయాల్సిన పని గురించి. మొదట మీ మీటరు రీడింగును నంబరుతో సహా ఫొటో తీయండి. దిగిన రోజు తీయలేదన్నారు కదా, దాని గురించి బాధపడుతూ కూర్చోకండి. ఇవాళ ఒకసారి, పది రోజుల తర్వాత ఒకసారి తీస్తే మీ రోజువారీ వాడకం తెలుస్తుంది; దాన్ని వెనక్కి లెక్కవేస్తే దిగిన రోజు రీడింగు సుమారుగా వస్తుంది. మీటరు కొత్త రకందైతే రోజువారీ లెక్క సంస్థ దగ్గరే ఉంటుంది, రాతపూర్వకంగా అడగండి. బకాయి లెక్కలో ఎన్ని నెలలు నిజమైన రీడింగులు, ఎన్ని నెలలు అంచనా రీడింగులు అన్నదీ అడగండి. అంచనా బిల్లుల మీద అంచనా బిల్లులు పడి, చివరికి నిజమైన రీడింగు తీసిన నెలలో తేడా అంతా ఒక్కసారి మీద పడుతుంది. ఆ నెల మీరు దిగిన నెలే అయితే పాత వాడకం మీ బిల్లులో కలిసిపోతుంది. ముందుగా డబ్బు వేసుకుని వాడే మీటరైతే మరీ జాగ్రత్త: పాత బాకీ మీటరులోనే నమోదై ఉండి, మీరు వేసే ప్రతి మొత్తంలోంచీ కొంత దానికి కోత పడుతూ ఉండవచ్చు. డబ్బు వేసుకోవడానికి పాతవారు వాడిన కార్డు గానీ, మీటరులో పెట్టే కీ గానీ వాడటం మానేసి, మీ పేరిట కొత్తది తెప్పించుకోండి.

మీరు దిగిన నెల బిల్లును విడదీయడం ఇలా: బిల్లు కాలం ఒక నెల 5వ తేదీ నుంచి మరుసటి నెల 4 దాకా, మొత్తం 30 రోజులు అనుకోండి. మీరు 18న దిగారు. మొదటి రీడింగు 41,260, మీరు దిగిన రోజు 41,508, చివరిది 41,632 అయితే, వాడిన 372 యూనిట్లలో 248 పాతవారివి, 124 మీవి. మీటరు అద్దె వంటి స్థిర ఛార్జీలు వాడకాన్ని బట్టి కాకుండా రోజులను బట్టి పడతాయి గనుక 13 రోజులు వారివి, 17 రోజులు మీవి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నచోట మాత్రం, మొత్తం బిల్లును యూనిట్ల నిష్పత్తిలో పంచితే తక్కువ వాడిన మీకు నష్టం. పాతవారి వాడకం వల్ల బిల్లు పై శ్లాబులోకి వెళ్లి ఉండవచ్చు. మీ 124 యూనిట్లకు విడిగా, 17 రోజుల లెక్కన బిల్లు వేయమని సంస్థనే అడగాలి. చివరి రీడింగుతో పాతవారి ఖాతా మూసి, మీది కొత్తగా తెరిస్తే ఈ తలనొప్పి ఉండదు.

తర్వాత రాత. సంస్థకు రాసే లేఖలో మీ కథంతా అక్కర లేదు. "ఈ చిరునామాలో ఫలానా మీటరుకు సంబంధించి ఫలానా తేదీ నుంచి మాత్రమే నేను వినియోగదారుడిని. అంతకుముందు కాలానికి మీతో నాకు ఒప్పందం లేదు. ఆ బకాయి నాది కాదని అభ్యంతరం తెలుపుతున్నాను. ఫలానా తేదీ నుంచి నా వాడకానికి బిల్లు పంపితే గడువులోగా చెల్లిస్తాను" అని రాసి, బదిలీ పత్రంలో తేదీ, సంతకాలు ఉన్న పేజీ నకలు జతపరచండి. పత్రం మొత్తం ఇవ్వనక్కరలేదు. అందులో మీకు పనికిరాని వాక్యం ఉంటే సంస్థకు మీరే అందించినట్టవుతుంది. లేఖ అందినట్టు రశీదు తీసుకోండి. మీ వాడకానికి సంబంధించిన మొత్తాన్ని మాత్రం వివాదం పేరు చెప్పి ఆపకండి. సరఫరా ఆగిపోయే ప్రమాదం ఉండి పాత బాకీలో కొంత కట్టక తప్పకపోతే, చెల్లింపు మీదే "నిరసనతో చెల్లిస్తున్నాను, బాధ్యత అంగీకరించడం లేదు" అని రాయండి. ఆ మాట లేకుండా రెండు నెలలు కట్టారంటే, మూడో నెల నుంచి "మీరే కదా కడుతున్నారు" అంటారు.

వసూలు సంస్థల వాళ్లు ఫోన్ చేస్తే, ఫోన్‌లో దేనికీ "సరే" అనకండి, రాసి పంపమనండి. అమెరికాలో 1977 నాటి బాకీ వసూళ్ల చట్టం ప్రకారం, వారి నోటీసు అందిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా వివాదం తెలిపితే, బాకీకి ఆధారం చూపేదాకా వారు వసూలు ఆపాలి. మీ పేరు వారికి ఎలా దొరికిందో కూడా అడగండి. చాలాసార్లు అది చిరునామాను బట్టి ఊహించిన పేరే.

యజమానికి విడిగా, మర్యాదగా రాయండి. ఇంకా ఏడు నెలలు ఆయన ఇంట్లోనే ఉండాలి. రెండు విషయాలు అడగండి: ఐదు నెలల నీటి లెక్క ఏ రీడింగుల మీద, ఏ పంపకం పద్ధతి మీద వేశారో చూపించమని, పాత అద్దెదారు కట్టిన డిపాజిట్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో చెప్పమని. ఈ రెండో ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యం. డిపాజిట్ ఇంకా యజమాని దగ్గర పాత అద్దెదారు పేరిట ఉంటే, ఆ నీటి బాకీ అందులోంచి మినహాయించుకోవడానికే డిపాజిట్ ఉంది; అది వదిలి మీ దగ్గరకు రావడానికి కారణం కనిపించదు. మీరు పాతవారికి ఆ మొత్తం ఇచ్చి, డిపాజిట్ మీ పేరిట మారి ఉంటే, యజమాని చేతిలో ఉన్నది మీ డబ్బు. లీజు ముగిసినప్పుడు ఆయన పాత నీటి బాకీని అందులోంచి కోసుకోకుండా, ఇప్పుడే "బదిలీ తేదీకి ముందు బకాయిలు ఈ డిపాజిట్‌లోంచి మినహాయించబడవు" అని రాత తీసుకోండి. ఇవ్వనంటే, ఆయన ఉద్దేశం ఏమిటో మీకు ఏడు నెలల ముందే తెలిసిపోతుంది.

పాత అద్దెదారు సంగతి. మీరు సంతకం చేసిన పత్రం "అన్ని బాధ్యతలూ" మీవని చెప్పే రకంది అయితే, యజమానికి కట్టి, ఆ మొత్తాన్ని పాత అద్దెదారు దగ్గర వసూలు చేసుకోవడమే మీకు మిగిలిన దారి. అందుకు మీ ఇద్దరి మధ్య ఏదో ఒక రాత కావాలి. ప్రత్యేకంగా ఒప్పందం లేకపోయినా, బదిలీకి ముందు "బిల్లులన్నీ కట్టేశాను" అని ఆయన పంపిన ఒక్క సందేశం ఉంటే అది పనికొస్తుంది. ఆ మాట నమ్మే మీరు లీజు తీసుకున్నారు. ఫోన్ పాడైపోకముందే దాన్ని తేదీ, నంబరు కనిపించేలా దాచండి. మొత్తం చిన్నదైతే చిన్న దావాల కోర్టు, వినియోగదారుల లేదా అద్దె వివాదాల వేదిక వంటిది మీ చోట ఏదుందో చూసి వెళ్లవచ్చు. వకీలు ఖర్చు బాకీ కంటే ఎక్కువయ్యే చోట నేనైతే వెళ్లను. ఆయన కొత్త చిరునామా యజమాని దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సి ఉన్నవారికి చిరునామా ఇవ్వకుండా ఎవరూ వెళ్లరు.

ఇవి చేయడానికి ముందు ఆ రెండు పేజీల పత్రంలో "స్వీకరిస్తున్నారు" అన్న వాక్యాన్ని, దాని పైనా కిందా ఉన్న వాక్యాలతో సహా, పేర్లు తీసేసి ఇక్కడ యథాతథంగా రాయండి. నీటి బకాయి మీద కచ్చితమైన మాట అది చూశాకే చెప్పగలను.